లోలకానికి ఆధారమేది? – తెలుగు విమర్శలో ఒక ఉపమాన పరిశీలన

కథానాయకుని మనస్సు రెండు నిర్ణయాల మధ్య ఊగితే దానిని లోలకంతో పోల్చడం ఆధునిక విమర్శలో పరిపాటి. సాహిత్యం ఒక తరంలో వ్యక్తి వైపు, తరువాతి తరంలో సంఘం వైపు మొగ్గినప్పుడు ఆ మార్పును చెప్పడానికీ అదే పోలిక అక్కరకు వస్తుంది. మొదటిది ఒక వ్యక్తి అంతరంగానికి సంబంధించినది. రెండవది అనేక తరాల చరిత్రకు సంబంధించినది. ఇంత భిన్నమైన రెండు విషయాలకు ఒకే ఉపమానం అమరడం దాని శక్తికి నిదర్శనం కావచ్చు. దానిని నిలదీసి అడిగినవారు తక్కువనడానికీ నిదర్శనం కావచ్చు.

ఆలంకారికులు ఉపమకు నాలుగు అంగాలు చెప్పారు: ఉపమేయం, ఉపమానం, సాధారణధర్మం, ఉపమావాచకం. వీటిలో సాధారణధర్మాన్ని చెప్పకుండా వదిలితే అది ధర్మలుప్త. ముఖాన్ని చంద్రునితో పోల్చి ధర్మాన్ని వదిలినా చిక్కు లేదు. ఆహ్లాదకరత్వం సంప్రదాయబలం చేత పాఠకునికి స్ఫురిస్తుంది. లోలకం విషయంలో అటువంటి సంప్రదాయబలం లేదు. అది ఆధునిక యంత్రంతో వచ్చిన ఉపమానం. ఊగడమనే ఒక్క ధర్మం పైకి కనిపిస్తున్నా, దాని వెంట మరికొన్ని ధర్మాలు చెప్పకుండానే వచ్చి చేరతాయి: రెండు కొసలూ సమానమైనవని, చలనం క్రమబద్ధమైనదని, నడుమ ఒక విశ్రాంతిస్థానం ఉన్నదని, పైన కదలని ఆధారం ఒకటి ఉన్నదని. ఈ చివరి ధర్మాన్ని విస్మరించడం వల్లనే లోలకోపమ తెలుగు విమర్శలో పలుచబడిందని, దానిని గుర్తిస్తే అదే ఉపమానం పదునైన పరిశీలనా సాధనం కాగలదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పదం

పాశ్చాత్య భాషల్లో ఈ వస్తువుకు ఉన్న 'పెండ్యులం' అనే పేరు లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలార్థం 'వ్రేలాడేది'. వ్రేలాడేదనగానే దేనినుంచి వ్రేలాడుతున్నదన్న ప్రశ్న పుడుతుంది. తెలుగులో స్థిరపడిన 'లోలకం' అనే మాటలో ఆ ప్రశ్న లేదు. సంస్కృతంలో 'లోల' శబ్దానికి కదిలేది, చంచలమైనది అని అర్థం; ఆసక్తి కలది, కోరిక కలది అని మరొక అర్థం. తెలుగులో విషయలోలుడు, గానలోలుడు వంటి సమాసాల్లో రెండవ అర్థమే నిలిచింది. గానలోలుడంటే గానం వద్ద మనస్సు నిలవనివాడు కాడు, గానానికి అంటిపెట్టుకొన్నవాడు. లోలాక్షి అన్నప్పుడు మాత్రం కదలికే ప్రధానం. చెవికి పెట్టుకొనే లోలాకులలో కదలిక, అలంకారం రెండూ కలిసి ఉన్నాయి.

ఈ విధంగా లాటిన్ పేరు ఆధారాన్ని గుర్తుచేస్తే, తెలుగు పేరు చలనాన్ని గుర్తుచేస్తుంది. లోలకమన్న మాట వినగానే తెలుగు పాఠకుని దృష్టి కింద ఊగే గుండు మీద పడుతుందే గాని పైనున్న మేకు మీద పడదు. భౌతికశాస్త్రంలో ఆ మేకు ఉన్న చోటుకు అవలంబన బిందువని పేరు పెట్టుకోవచ్చు. అవలంబనమన్నా, రసశాస్త్రంలో వినిపించే ఆలంబనమన్నా మూలం 'లంబ్' ధాతువే. వ్రేలాడటం దాని అర్థం. నాయికానాయకులను ఆలంబన విభావమన్న ఆలంకారికులు భావం ఊరక కదలదని, దేనినో పట్టుకొని వ్రేలాడుతుందని గుర్తించారు. లోలకమన్న పేరులో లేని ప్రశ్న ఆలంబనమన్న పరిభాషలో ఏనాటి నుంచో ఉన్నది.

2. వస్తువు

ఉపమానాన్ని పరీక్షించడానికి ముందు వస్తువును తెలుసుకోవాలి. ఊగే వస్తువు ఒక్కొక్క ఊపుకు ఇంచుమించు సమానమైన కాలం తీసుకొంటుందని గెలీలియో గుర్తించాడు. ఆ ధర్మాన్ని ఆధారం చేసుకొని 1656లో హైగెన్స్ లోలకపు గడియారాన్ని రూపొందించాడు. 1673లో దాని సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రకటించాడు. లఘులోలకపు ఆవర్తన కాలం గుండు బరువు మీద ఆధారపడదు. ఊపు చిన్నదైనంతవరకు దాని వెడల్పు మీద కూడా ఆధారపడదు. అది ఆధారపడేది రెండింటి మీదనే: అవలంబన బిందువు నుంచి గుండుకు ఉన్న దూరం, ఆ చోటి గురుత్వ త్వరణం.

విమర్శకు పనికివచ్చే విషయాలు మరి మూడు ఉన్నాయి. మొదటిది: లోలకం కొసల వద్ద క్షణకాలం ఆగుతుంది, నడుమ దాని వేగం గరిష్ఠం. విశ్రాంతిస్థానమని పిలిచే మధ్యస్థానాన్నే అది అన్నింటికంటె వేగంగా దాటిపోతుంది. రెండవది: వదిలేసిన లోలకం గాలి నిరోధం వల్ల, ఆధారం వద్ద ఒరిపిడి వల్ల క్రమంగా ఊపు తగ్గి ఆగిపోతుంది. ఇవి అవరుద్ధ డోలనాలు. గడియారంలో లోలకం ఆగకపోవడానికి కారణం చుట్టిన స్ప్రింగో, వ్రేలాడే బరువో ప్రతి ఊపుకూ ఒక చిన్న తోపు ఇవ్వడం. అంటే నిరంతరంగా ఊగే లోలకం ఎక్కడున్నా దాని వెనుక శక్తినిచ్చే ఏర్పాటు ఒకటి ఉండాలి.

మూడవది స్థలానికి సంబంధించినది. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళవేత్త పారిస్‌లో సరిచేసిన గడియారాన్ని భూమధ్యరేఖకు చేరువనున్న కాయెన్‌కు తీసుకువెళ్ళాడు. అక్కడ అది రోజుకు సుమారు 2½ నిమిషాలు వెనుకబడింది. సెకండ్లు సరిగా చూపాలంటే లోలకాన్ని కొంత పొట్టి చేయవలసివచ్చింది. లోపం గడియారంలో లేదు. భూమి అన్నిచోట్లా ఒకే బలంతో లాగదన్న సత్యం ఆ వెనుకబాటులో ఉన్నది. ఆ తరువాత లోలకం భూమిని పరీక్షించే సాధనమయింది. 1821లో మద్రాసు నక్షత్రశాలలో గోల్డింగ్‌హామ్ సెకండ్ల లోలకపు పొడవును కొలిచాడు. 1865 నుంచి బసేవి అనే సైనికాధికారి దక్షిణం నుంచి హిమాలయం దాకా లోలక పరిశీలనలు నడిపి, 1871లో లదాఖ్ ప్రాంతపు ఎత్తైన మైదానంలో ఆ పనిలోనే మరణించాడు. లోలకం కాలాన్ని కొలిచినట్లే స్థలాన్నీ కొలుస్తుంది. ఈ రెండవ ప్రయోజనం సాహిత్య విమర్శలోకి ఇంకా రాలేదు.

3. డోల, లోలకం

మనస్సు ఊగుతుందన్న భావన తెలుగుకు లోలకంతో వచ్చినది కాదు. డోలాయమానం, ఊగిసలాట అనే మాటలు ముందే ఉన్నాయి. వాటి వెనుక ఉన్న వస్తువు ఊయల. కాళిదాసు రఘువంశం 14వ సర్గలో ఈ ఉపమానానికి గంభీరమైన ప్రయోగం ఉన్నది. సీతను గురించిన లోకాపవాదం చెవినబడినప్పుడు రాముడు నిందను ఉపేక్షించడమా, దోషం లేని భార్యను విడవడమా అన్న రెండు పక్షాలలో దేనినీ ఆశ్రయించలేక చలించాడని, అతని చిత్తవృత్తి ఊయల వలె అయిందని కవి వర్ణించాడు. ఇక్కడ సాధారణధర్మం స్పష్టంగా చెప్పబడింది: ఏ ఒక్క పక్షాన్నీ పట్టుకొని నిలవలేకపోవడం.

ఈ ప్రయోగంలో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. రాముని సంశయం ఒక్క శ్లోకం మేరకే సాగుతుంది. వెంటనే అతడు నిశ్చయానికి వస్తాడు. యశస్సే ధనమైనవారికి అది దేహం కంటె కూడా ప్రియమైనదన్న సమర్థన వస్తుంది. ఊయల రెండు వైపులకూ సమానంగా ఊగినట్లు కనిపించినా, అది కట్టి ఉన్న కొమ్మ యశస్సు. ఆ కొమ్మ ఏదో తెలిసిన పాఠకునికి ఊయల ఎటు ఆగుతుందో ముందే తెలుస్తుంది. ఊగినవాడు రాముడు; అడవికి వెళ్ళినది సీత. డోలోపమ రాముని వేదనకు రూపమిస్తుంది. సీత వేదనకు రూపమివ్వడం ఆ ఉపమానం పని కాదు. వోల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ వంటివారిని కలుసుకొని మాట్లాడుతుంది. ఆ కథల్లో రాముని ఊగిసలాట కేంద్రస్థానంలో లేదు. కథను యశస్సనే కొమ్మ నుంచి విప్పి మరొక చోట కట్టడమే అక్కడ జరిగిన ముఖ్యమైన పని.

రసశాస్త్రం కూడా ఈ విషయంలో ఒక వ్యవస్థను చూపింది. శంక, చింత, వితర్కం, చపలత అనేవి 33 సంచారిభావాలలో చేరినవి. సంచారులు పుడుతూ అణగుతూ ఉంటాయి. స్థాయి నిలిచి ఉంటుంది. దశరూపకకర్త ధనంజయుడు ఈ సంబంధాన్ని సముద్రానికీ కెరటాలకూ ఉన్న సంబంధంతో పోల్చాడు. అంటే చాంచల్యాన్ని వర్ణించి ఊరుకోవడం ఆలంకారికుల దృష్టిలో పూర్తి వివరణ కాదు. ఏ స్థాయిని ఆశ్రయించి ఆ చాంచల్యం పుట్టిందో చెప్పాలి. స్థాయి లోతున ఉంటుంది, అవలంబన బిందువు పైన ఉంటుంది. రెండూ కదిలేదానిని కదలనిదానితో ముడిపెట్టి చూడమనే చెబుతాయి. ఆధునిక విమర్శ లోలకాన్ని తెచ్చుకొనేటప్పుడు ఈ పాత క్రమశిక్షణను వదులుకోనక్కరలేదు.

4. రెండు నవలలు

ఊగిసలాటను నాయకలక్షణంగా తీర్చిన తెలుగు నవలల్లో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ముందు గుర్తుకు వస్తాయి. రెండూ 1940లలో రూపుదిద్దుకొన్నవి. రెండింటిలోనూ నాయకుడు తన్ను తాను తరచి చూసుకొంటాడు, తేల్చుకోలేకపోతాడు. రెండింటిలోనూ భార్య పేరు ఇందిర కావడం యాదృచ్ఛికమే అయినా, ఊగేవాని పక్కన నిలిచిన స్త్రీని గురించి ఆలోచింపజేస్తుంది. సీతారామారావును, దయానిధిని ఇద్దరినీ లోలకంతో పోల్చడం సులభం. ఆ పోలిక ఇద్దరినీ ఒకటి చేస్తుంది. అవలంబన బిందువును అడిగినప్పుడే ఇద్దరూ వేరుపడతారు.

సీతారామారావు ఔదార్యానికీ కసికీ, ఆత్మగౌరవానికీ ఆత్మనిందకూ మధ్య ఊగుతాడు. ఉన్న ఆస్తి కరిగిపోతుంది, బంధువులు తప్పుకొంటారు, కోపం భార్య మీదకు మళ్ళుతుంది, చివరకు శ్మశానంలో అతని యాత్ర ముగుస్తుంది. ఈ చలనాన్ని క్రమబద్ధమైన లోలకచలనమనడానికి వీలులేదు. ప్రతి ఊపులోనూ అతని పరిధి తగ్గుతుంది: ఊరి నుంచి ఇంటికి, ఇంటి నుంచి తనలోకి. శాస్త్రపరిభాషలో ఇది అవరుద్ధ డోలనం. దీనిని కట్టి ఉంచిన మేకు వంశప్రతిష్ఠ. ఆస్తి ఉన్నప్పుడు ప్రతిష్ఠే అతనిచేత ఇప్పించింది. ఆస్తి పోయినప్పుడు ప్రతిష్ఠే అతనిని ఇంకొకరిని అడగనివ్వలేదు. కొసలుగా కనిపించే ఔదార్యం, కసి రెండూ ఒకే దారానికి వ్రేలాడుతున్నవి. ఈ నవలను వ్యక్తి మనస్తత్వ చిత్రణగా మాత్రమే చదివితే అసమర్థత అతని స్వభావమవుతుంది. మేకును చూస్తే అది భూమి చేతులు మారుతున్న కాలంలో ఒక వర్గపు గౌరవభావన తెచ్చిన పతనమవుతుంది. గుండు బరువు ఆవర్తన కాలాన్ని నిర్ణయించదన్న సూత్రం ఇక్కడ అర్థవంతంగా నిలుస్తుంది: సీతారామారావు మంచివాడా, చెడ్డవాడా అన్నదానిని బట్టి అతని ఊపు మారదు.

దయానిధి విషయం వేరు. కోమలి, అమృతం, సుశీల, ఇందిర అతని జీవితంలో భిన్నమైన ఆకర్షణలుగా, బాధ్యతలుగా నిలుస్తారు. వీరిలో ఏ ఇద్దరినైనా రెండు కొసలుగా పెట్టి చలనాన్ని వివరించబోతే మిగిలినవారు చిక్కుగా మిగులుతారు. రెండు కొసల లెక్క ఇక్కడ సరిపోదు. సరిపోయేది పైనున్న బిందువు: తల్లి, ఆమె శీలాన్ని గురించి సంఘం మోపిన నింద. దయానిధి ఏ స్త్రీకి చేరువైనా తల్లి జ్ఞాపకం మధ్యకు వస్తుంది; సంఘానికి ఎంత దూరమైనా ఆ నింద వెంటవస్తుంది. అతడు రాయలసీమకు వెళ్ళడం విముక్తి వలె కనిపిస్తుంది. లోలకపు భాషలో అది దారం తెగడం కాదు, దారం పొడవు పెరగడం. పొడవు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది; ఆధారం మారదు. నవల ఉత్తరార్ధంలోని నిదానానికి, ఏకాంతానికి, ప్రశ్న మాత్రం తీరకపోవడానికి ఇది సమంజసమైన వివరణ. శీర్షికలోని ప్రశ్నకు దయానిధి చేరుకొనే సమాధానం ఊగడం మానడంలో లేదు, తాను దేనికి వ్రేలాడుతున్నాడో తెలుసుకోవడంలో ఉన్నది.

మధ్యస్థానాన్ని గురించిన ధర్మం కూడా ఈ నవలకు అన్వయిస్తుంది. దయానిధి సంసారిగా, వైద్యునిగా నడిమి జీవితంలో కుదురుకొనే అవకాశాలు అనేకం వస్తాయి. అతడు వాటినే అన్నింటికంటె త్వరగా దాటిపోతాడు. అతడు ఆగి ఆలోచించేది కొసల వద్దనే. మధ్యేమార్గమే విశ్రాంతి అని నమ్మే పాఠకునికి ఇది అతని లోపంగా తోస్తుంది. ఊగే వస్తువుకు నడుమ విశ్రాంతి దొరకదని తెలిసిన పాఠకునికి ఇది చలనధర్మంగా తోస్తుంది.

అయితే ఈ అన్వయం నాయకునికి క్షమాపత్రం కారాదు. లోలకోపమ ఊగేవానికి సహానుభూతిని సంపాదించిపెడుతుంది. అతని ఊపు తగిలినవారిని దృష్టిపథం నుంచి తొలగిస్తుంది. సీతారామారావు ఇందిరకు తగిలినది దెబ్బలే. దయానిధి ఇందిరకు దక్కినది అతని పరధ్యానం. విమర్శకుడు ఈ ఉపమానాన్ని వాడేటప్పుడు ఊపు వెడల్పును మాత్రమే కాక, ఆ వెడల్పులో నిలిచినవారిని కూడా లెక్కించాలి.

5. సాహిత్యచరిత్రలో లోలకం

ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కవిత్వచరిత్రను లోలకచలనంగా చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది. భావకవిత్వం వ్యక్తి వైపు. అభ్యుదయ కవిత్వం సంఘం వైపు. అనుభూతివాదం మళ్ళీ వ్యక్తి వైపు. విప్లవ కవిత్వం మళ్ళీ సంఘం వైపు. బోధనకు ఇది అనుకూలం. విద్యార్థికి జ్ఞాపకం ఉంటుంది. కాని ఈ చిత్రం నాలుగు విషయాలను పరీక్షించకుండానే అంగీకరింపజేస్తుంది: అన్ని ఉద్యమాలూ ఒకే ఆధారానికి కట్టి ఉన్నాయని, వ్యక్తి, సంఘం సమదూరంలో ఉన్న రెండు కొసలని, మార్పు దానంతటదే జరుగుతుందని, ప్రతి ఉద్యమమూ పాత చోటికే తిరిగివస్తుందని.

కృతులను చూస్తే ఈ నాలుగూ నిలవవు. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. అందులోని స్వేచ్ఛాకాంక్ష సంఘానికి విముఖమైనదని చెప్పి వదిలితే, ఆ స్వేచ్ఛ ఎదిరించినది సంఘపు కట్టుబాట్లనేనన్న విషయం మరుగునపడుతుంది. శ్రీశ్రీ 1928లో 'ప్రభవ'తో బయలుదేరి, 1950లో గ్రంథరూపం పొందిన 'మహాప్రస్థానం' గీతాలకు చేరాడు. ఆ ప్రయాణంలో అతడు భావకవిత్వపు ఆత్మాశ్రయ స్వరాన్ని పూర్తిగా వదలలేదు; ఆ స్వరంలోని 'నేను'ను సమూహం పలికేటంత విశాలం చేశాడు. ఇది తిరుగు ఊపు కాదు, చేర్పు. 1965లో మొదటి సంపుటి వెలువరించిన దిగంబర కవులను ఏ కొసన నిలపాలి? వారి ఆగ్రహం సంఘం మీద, గొంతు వ్యక్తిది. వారిలో పలువురు 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో చేరారు. రెండు కొసల పటంలో వారికి చోటు దొరకదు.

జాషువ 'గబ్బిలం' మరింత కఠినమైన పరీక్ష. 1941లో మొదటి భాగం వచ్చిన ఈ కావ్యం పద్యఛందస్సులో నడిచింది. మేఘసందేశం వంటి సందేశకావ్య సంప్రదాయాన్ని స్వీకరించింది. వస్తువు మాత్రం అస్పృశ్యత వల్ల దైవదర్శనానికీ ఆర్థిక న్యాయానికీ దూరమైన మనిషి ఆక్రోశం. రూపాన్ని చూసినవారు దీనిని సంప్రదాయం కొసన, వస్తువును చూసినవారు అభ్యుదయం కొసన పెట్టవలసివస్తుంది. రెండింటి నడుమ పెడితే సర్దుబాటు కావ్యమన్న తప్పుడు అర్థం వస్తుంది. జాషువ ఎంచుకొన్న దూతను గమనించాలి. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్నది. అది ఆ గుడి కప్పు నుంచే తలకిందులుగా వ్రేలాడుతుంది. కావ్యం అడిగినది కొసలను గురించి కాదు. ఈ కప్పు ఎవరిది, దీని కింద ఎవరికి చోటున్నది అన్నదే దాని ప్రశ్న. తెలుగు సాహిత్యంలో అవలంబన బిందువునే ప్రశ్నించిన కావ్యాలలో 'గబ్బిలం' ముందువరుసలోనిది.

1980ల తరువాత వచ్చిన స్త్రీవాద, దళితవాద కవిత్వాలు ఆ ప్రశ్నను ఉద్యమస్థాయికి తెచ్చాయి. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు', 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనాలను లోలకపు మరొక ఊపుగా చెప్పడం సాధ్యం కాదు. వ్యక్తి అన్నప్పుడు ఎవరి వ్యక్తిత్వం, సంఘం అన్నప్పుడు ఎవరి సంఘం అని అవి అడిగాయి. భావకవి 'నేను', అభ్యుదయకవి 'మేము' ఒకే మేకుకు కట్టి ఉన్నాయని చూపాయి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు లేకుండా దళిత కవిత్వం ఆ రూపంలో వచ్చేది కాదు. లోలకచరిత్ర ఈ సంఘటనలను చెప్పలేదు. దానికి ఊపు తెలుసు, చరిత్రలో తోపు తెలియదు. మార్పు దానంతటదే వస్తుందని చెప్పే చరిత్ర, మార్పు కోసం ప్రాణాలు పోగొట్టుకొన్నవారికి తన పుటల్లో చోటివ్వలేదు.

రిషే అనుభవం ఇక్కడ తిరిగి ప్రసక్తమవుతుంది. సంప్రదాయ, కాల్పనిక ధోరణుల మధ్య సాహిత్యం ఊగుతుందన్న చిత్రం యూరపు సాహిత్యచరిత్రలో సరిచేసిన గడియారం. దానిని తెలుగుకు తెచ్చినప్పుడు కాలం తేడా వచ్చింది: తెలుగులో కాల్పనికోద్యమం ఆలస్యంగా వచ్చిందని, తొందరగా ముగిసిందని, కలగలిసిపోయిందని చెప్పవలసివచ్చింది. రిషే గడియారాన్ని నిందించక నేలను పరీక్షించే దారి తీశాడు. తెలుగు సాహిత్యచరిత్రకారుడు కూడా ఆలస్యమన్న తీర్పును పక్కనబెట్టి, ఈ నేల లాగే బలం వేరన్న సూచనను ఆ తేడాలో చదవాలి. పద్యం, అవధానం, హరికథ, జానపద గేయం, పత్రిక ఏకకాలంలో జీవించిన భాషలో ఉద్యమాల వ్యవధి యూరపు వ్యవధితో సరిపోలకపోవడం లోపం కాదు, ఆధారం.

6. తిరిగే నేల

లోలకానికి సంబంధించిన ప్రయోగాలలో విమర్శకు అత్యంత ఉపయోగకరమైనది 1851లో ఫూకో పారిస్‌లోని పాంథియాన్‌లో చేసినది. 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును వ్రేలాడదీసి వదిలినప్పుడు, అది ఊగే తలం క్రమంగా తిరుగుతున్నట్లు చూపరులకు కనిపించింది. నిజానికి తిరుగుతున్నది వారు నిలిచిన నేల. ఈ భ్రమణం అక్షాంశాన్ని బట్టి మారుతుంది. పారిస్‌లో ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 32 గంటలు. ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలోని లోలకానికి దాదాపు 50 గంటలు. హైదరాబాద్ అక్షాంశానికి లెక్కవేస్తే సుమారు 80 గంటలు. భూమధ్యరేఖ మీద ఈ భ్రమణం కనిపించదు.

సాహిత్యకృతుల ఆదరణచరిత్రకు ఇది తగిన ఉపమానం. చలం 'మైదానం' 1927 నాటి నవల. భర్తను విడిచి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి కథ ఒక తరానికి అశ్లీలం, మరొక తరానికి స్వేచ్ఛాప్రకటన. ఆ తరువాతి పాఠకులు ఆ స్వేచ్ఛ పురుషుని కోరిక చుట్టూనే తిరిగిందా అని అడిగారు. నవలలోని వాక్యాలు మారలేదు. చలం ఊగిన తలం ఒకటే. మారినది పాఠకులు నిలిచిన నేల. ఈ మార్పును అభిప్రాయాల ఊగిసలాటగా వర్ణిస్తే రేపు మళ్ళీ మొదటి అభిప్రాయమే వస్తుందన్న ధ్వని ఉంటుంది. ఫూకో లోలకంగా వర్ణిస్తే నేల ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో కొలిచే బాధ్యత విమర్శకునిపై పడుతుంది. అందరు పాఠకుల కింద నేల ఒకే వేగంతో తిరగదన్న విషయం కూడా ఇందులో ఇమిడి ఉన్నది. కులం, లింగం, ప్రాంతం పాఠకుని అక్షాంశాలు.

7. ఒక ఆక్షేపణ, సమాధానం

ఉపమానాన్ని ఇంత నిశితంగా పరీక్షించడం అనవసరమని ఆక్షేపించవచ్చు. చంద్రునిలోని బిలాలు తెలిసినంత మాత్రాన ముఖచంద్రుడన్న మాట చెడదు గదా. ఈ వాదం కావ్యానికి చెల్లుతుంది. విమర్శకు చెల్లదు. కావ్యంలో ఉపమ సౌందర్యహేతువు; విమర్శలో అది హేతువాదంలో భాగం. లోలకమన్నందువల్ల కలిగే అనివార్యత, సమానత, పునరావృత్తి అనే భావాలు విమర్శకుని నిర్ణయాలలోకి ప్రవేశిస్తాయి. అతడు వాటిని నిరూపించకపోయినా పాఠకుడు నిరూపితమైనట్లు స్వీకరిస్తాడు. అందువల్ల విమర్శలో వాడిన ఉపమానం తన సాధారణధర్మానికి సాక్ష్యం చూపవలసి ఉంటుంది.

ఈ పరిశీలన లోలకాన్ని విడిచిపెట్టమనడం లేదు. మనస్సు ఎటూ తేలక సతమతమైనప్పుడు డోలాయమానమనే పాత మాటే సరిపోతుంది. అక్కడ క్రమబద్ధత లేదు కనుక యంత్రంతో పనిలేదు. పాత్రలోనో, యుగంలోనో చలనం ఒక నియమానికి లోబడి ఉన్నదని చెప్పదలచినప్పుడే లోలకం తగిన ఉపమానం. అప్పుడు విమర్శకుడు మూడింటిని చెప్పవలసి ఉంటుంది: గుండు దేనికి కట్టి ఉన్నది, ఊపును నిలుపుతున్న తోపు ఎక్కడిది, చూసేవారు నిలిచిన నేల ఏది. సీతారామారావుకు వంశప్రతిష్ఠ, దయానిధికి తల్లిపై పడిన నింద, రఘువంశంలోని రామునికి యశస్సు మొదటి ప్రశ్నకు సమాధానాలు. కారంచేడు, చుండూరు రెండవ ప్రశ్నకు సమాధానాలు. 'మైదానం' మీద మారుతూ వచ్చిన తీర్పులు మూడవదానికి. తెలుగు సాహిత్యచరిత్రను ఉద్యమాల వరుసగా బోధిస్తున్న పాఠ్యప్రణాళికలలో ఈ మూడు ప్రశ్నలకు చోటు కల్పిస్తే, జాషువ వంటి కవిని ఏ కొసన పెట్టాలన్న చిక్కు తొలగిపోతుంది. అతడు చూపిన కప్పు వైపు విద్యార్థి తలెత్తి చూస్తాడు.